వనపర్తి టక్కు మీమాంస

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ తేల్చాలన్నది పూర్వాచారం. ఈ శాస్త్రానికి విషయం పాత కీబోర్డులో మీట కింద దాక్కున్న స్విచ్. ప్రయోజనం దాన్ని గుర్తుపట్టి సంతోషించడం. అంతకు మించి ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. సంబంధం వేలికీ చెవికీ మధ్య ఉన్నది. ఇక అధికారి ఎవరయ్యా అంటే, వనపర్తి రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర కిరాయినామానో, అగ్రిమెంటో కొట్టించుకుందామని ప్లాస్టిక్ కుర్చీలో అరగంట కూర్చున్నవాడు. కరెంటు పోయి ఇంకో అరగంట కూర్చున్నవాడు ఉత్తమాధికారి.

విదేశాల్లో ఈ విద్యకు మహాపండితులున్నారు. ఒకరు 1985లో వచ్చిన ఐబీఎం మోడల్ ఎం కోసం వెతుకుతారు, ఒకరు జపాను ఆల్ప్స్ కంపెనీ స్విచ్‌ల కోసం ప్రాణం పెడతారు, ఇంకొకరు చెర్రీ మతస్థులు. వాల్టర్ చెర్రీ అనే ఆయన 1953లో అమెరికాలోని ఇలినాయ్‌లో ఒక హోటలు నేలమాళిగలో మొదలుపెట్టిన కంపెనీ అది. తర్వాత జర్మనీలో స్థిరపడి 1980లలో ఎంఎక్స్ అనే స్విచ్ వంశాన్ని కన్నది. ఈ పండితులెవరూ మన పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు తొంగిచూసినట్టు లేదు. చూసి ఉంటే చెర్రీ ఎంఎక్స్ బ్లూ అనే వారి ఆరాధ్యదైవం మన జిరాక్సు షాపుల్లో పల్లి పొట్టు కింద కొలువై ఉండటం కనిపించేది. టీవీఎస్ గోల్డ్ కీబోర్డు అంటే మనకు తెలిసిందల్లా బరువుగా ఉంటుంది, మోత పెడుతుంది, చెడిపోదు. దాని కడుపులో ఉన్నది ఆ నీలి స్విచ్చే. అక్కడ గేములాడే పిల్లలు ముచ్చటపడి కొనుక్కునే దాని మీద ఇక్కడ మార్ట్‌గేజ్ డీడ్లు టైపవుతున్నాయి.

గుర్తుపట్టడానికి ప్రమాణాలు నాలుగు. ప్రత్యక్షం సులువు. ఒక మీట టోపీ పైకి లాగి చూడాలి. కింద కాడ కూడిక గుర్తులా ఉంటే చెర్రీ, లేదా చెర్రీకి నకలు. సన్నటి అడ్డగాడిలా ఉంటే ఆల్ప్స్. ఒంటరి స్ప్రింగు నిలబడి ఉంటే ఐబీఎం, కళ్ళకద్దుకోండి. రబ్బరు బుడిపె కనిపిస్తే టోపీ మళ్ళీ పెట్టి టీ తాగండి. చెర్రీల్లో నల్ల కాడ మౌని, గోధుమ కాడ వేలికి మాత్రం చిన్న మెట్టులా తగిలి ఊరుకుంటుంది, నీలి కాడ వాగుడుకాయ. స్క్రూడ్రైవరు పెట్టి లేపేవాడు ఈ శాస్త్రానికి అనర్హుడు. రెండు వైపులా దారం వేసి నిటారుగా లాగాలి. స్పేస్‌బారు జోలికి మాత్రం పోకండి. దాని కింద తీగ ఉంటుంది, అది తప్పిందంటే మళ్ళీ కూర్చోబెట్టేసరికి సాయంత్రమవుతుంది.

అనుమాన ప్రమాణానికి వైరు చూస్తే చాలు. లావుపాటి గుండ్రటి పిన్ను ఉంటే పాతకాలం, ఊదారంగు చిన్న పిన్ను ఉంటే నడికాలం, యూఎస్‌బీ ఉంటే మనకాలం.

ఉపమానానికి ఎక్కడికో పోనక్కర్లేదు, మదనాపురం దగ్గర సరళాసాగర్ ఉంది. 1949లో పునాదిరాయి పడి 1959లో పూర్తయిన ఆ ప్రాజెక్టులో సైఫన్లకు గేటెత్తే మనిషితో పనిలేదు. నీళ్ళు నిండు మట్టానికి వచ్చేదాకా అవి ఉలకవు, పలకవు. మట్టం దాటగానే పారే నీరు లోపలి గాలిని ఈడ్చుకుపోతుంది, సైఫన్ అందుకుంటుంది, నీళ్ళు ఒక్కపెట్టున దూకుతాయి. మట్టం దిగి గాలి జొరబడితే ఆగిపోతాయి. (2019 డిసెంబరు 31న తెగింది కదా అని ఎవరో అడ్డు తగులుతారు. తెగింది మట్టికట్ట. సైఫన్ సిద్ధాంతం చెక్కుచెదరలేదు.) నీలి స్విచ్ సంగతీ ఇంతే. మీట ప్రయాణం మొత్తం 4 మిల్లీమీటర్లు. అందులో మొదటి సగం దాకా ఏమీ జరగదు. నీలి కాడ తన తెల్ల తొడుగును వెంటబెట్టుకుని దిగుతుంది. గడప దాటగానే తొడుగు చటుక్కున జారి కిందికి కొట్టుకుంటుంది. టక్. అక్షరం పడింది. సైఫన్ అందుకునే మట్టం వేరు, వదిలే మట్టం వేరు అయినట్టే, ఇందులోనూ అక్షరం పడే చోటు ఒకటి, మీట మళ్ళీ సిద్ధమయ్యే చోటు దానికి కాస్త పైన. అందుకే వేలు సగమే ఎత్తి అదే మీటను గబగబా రెండోసారి కొడితే అక్షరం రాదు. ఇంగ్లీషు స్పెల్లింగులో రెడ్డిగారికి ఒక డీ తక్కువైతే టైపిస్టును తిట్టే ముందు ఈ విషయం ఆలోచించాలి.

మిగిలింది శబ్దం. మన శాస్త్రానికి ఆయువుపట్టు ఇదే.

చెవి కాస్త అలవాటుపడితే రెండు చప్పుళ్ళు విడివిడిగా వినిపిస్తాయి. టక్ అనేది స్విచ్‌ది, ఠప్ అనేది మీట అడుక్కి తగిలినది. నీలి స్విచ్‌కు టక్ చాలు, ఠప్ అక్కర్లేదు. కానీ గోద్రెజ్, రెమింగ్టన్ మిషన్ల మీద ఏఎస్‌డీఎఫ్ దంచి, నిమిషానికి 30 మాటల లోయరు, 45 మాటల హయ్యరు టైపు పరీక్షలు పాసైన చేతులు ఉన్నాయే, వాటికి అడుగు తగలందే అక్షరం పడినట్టు అనిపించదు. టక్‌ఠప్ టక్‌ఠప్ అని వినిపిస్తే లోపల యాభై దాటినవారున్నారని గోడ అవతల నుంచే చెప్పొచ్చు.

ఇంకా లోతుకు పోతే దస్తావేజు చరిత్రంతా చెవిలోనే తేలుతుంది. పేర్ల దగ్గర వేగం, సర్వే నంబరు దగ్గర నిదానం, హద్దుల దగ్గర ఆగి ఆగి. మధ్యలో చాలాసేపు చడీచప్పుడు లేదంటే పాత ఫైలు తెరిచి పేర్లు మాత్రం మారుస్తున్నారని అర్థం. ఈ సంగతి గిరాకీలకూ తెలుసు. అందుకే మౌనం ముదిరితే ముసలాయన కుర్చీలో కదులుతాడు.

“అయిందా సారూ?”

“కొడ్తున్న గద పెద్దాయ్నా, ఇనవడ్తలేదా?”

అంటూనే సారు స్పేస్‌బారు నాలుగుసార్లు, బ్యాక్‌స్పేసు నాలుగుసార్లు కొడతాడు. పని జరిగినట్టు, పేజీ మాత్రం అలాగే ఉన్నట్టు.

ఈ చుట్టుపక్కల జిల్లాల తారతమ్యాన్ని కూడా ఈ ప్రమాణంతో తేల్చవచ్చు. 1991లో భారత ప్రమాణాల సంస్థ చేర్చుకున్న ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు అమరికలో, కంటికి కనిపించే గుర్తులే లెక్కిస్తే, గద్వాలకు 6 టక్కులు, వనపర్తికి 7, నాగర్‌కర్నూల్‌కు 12. మూడింటికీ షిఫ్టు అక్కర్లేకపోవడం ఈ సీమ పుణ్యం. వత్తులకూ పొల్లులకూ పొల్లు మీటే దిక్కు కాబట్టి గద్వాల, వనపర్తి దాన్ని ఒక్కోసారి నొక్కి వదిలేస్తే, నాగర్‌కర్నూల్ మూడుసార్లు బాదుతుంది. ఆ జిల్లా కీబోర్డుల్లో ఏ మీట ముందు అరుగుతుందో శిష్యులు ఊహించుకోవాలి. అను ఫాంట్లు వాడే డీటీపీ వారు ఈ లెక్క ఒప్పుకోరు. వారిది వేరే శాఖ, వారి భాష్యం వారు రాసుకుంటారు.

పూర్వపక్షం వింటే మర్యాద. రబ్బరు కీబోర్డు చవక, మోత లేదు, టీ ఒలికితే పారేసి ఇంకోటి తెచ్చుకోవచ్చు, ల్యాప్‌టాప్ అయితే అదీ అక్కర్లేదు అంటారు. సిద్ధాంతం వినండి. రబ్బరు షీటులో ఒక బుడిపె చస్తే తక్కినవన్నీ సహగమనం చేయాలి; ఇందులో పోయిన స్విచ్ ఒక్కదాని టంకం ఊడదీసి ఇంకోటి అతికితే సరిపోతుంది. చెర్రీ వారు ఒక్కో నీలి స్విచ్‌కు చెప్పిన ఆయుష్షు 5 కోట్ల నొక్కుళ్ళు. రోజుకు 20 పేజీలు, పేజీకి ఒకే మీట 200 సార్లు, ఏడాదికి 300 పనిదినాలు వేసుకున్నా ఏడాదికి 12 లక్షలే. 5 కోట్లు నిండాలంటే 41 ఏళ్ళు దాటాలి. ఈలోపు ఎన్ని జరగవు? భూముల రికార్డులకు 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది, షాపులో కంప్యూటరు మారింది, కుర్చీ విరిగింది. కీబోర్డు అదే. పైగా మోత లేకపోతే గిరాకీకి రశీదేది? ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాడు పని చేస్తున్నాడో వాట్సాప్ చూస్తున్నాడో బ్రహ్మక్కూడా తెలియదు. టక్కు వినిపించినంతసేపు పెద్దాయన కూర్చుంటాడు, పేజీకి ఎంతన్నా ఇస్తాడు. రాజుగారి బంగళాలో పాలిటెక్నిక్ నడుపుకుంటున్న ఊరు ఇది. యంత్రానికి సింహాసనం వేయడం మనకేమీ కొత్త కాదు.

కాబట్టి ఆ మూడు జిల్లాల డీటీపీ, జిరాక్సు, మీ సేవ వారికి మనవి. పాత ఇనుప సామాను బండి వచ్చినప్పుడు కీబోర్డును కాటాకు వేయకండి. ముందు ఒక టోపీ లాగి చూడండి. నీలి రంగు కూడిక గుర్తు కనిపిస్తే, తలకిందులు చేసి పల్లి పొట్టు దులిపి, మళ్ళీ వైరు తగిలించండి. బండివాడు రెట్టింపు ఇస్తానన్నా ఇవ్వొద్దు.