గడువు పెరిగిందని ఊళ్లో ఎవరు చెప్పాలె?

మా రోజుల్లో గడువు అంటే కక్షిదారుకూ తెలిసిన ముచ్చట. నేను నల్లగొండలో వకీలు గుమస్తాగా ఉన్న కాలంలో ఏప్రిల్ నెలాఖరుకు వాళ్లే అడిగేవాళ్లు: "సారూ, కోర్టుకు సెలవులిస్తున్రు, మన అప్పీలుకు కాలదోషం పట్టదు గదా?" పట్టదు. ఆఖరి రోజున కోర్టు మూసి ఉంటే, తెరిచిన రోజు వేసుకోవచ్చని లిమిటేషన్ చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. సెలవులు అయిపోయి కోర్టు తెరిచిన పొద్దున దేవరకొండ బస్సు దిగినవాళ్లు, మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లు తీర్పు నకళ్లు సంచిలో పెట్టుకుని మా బల్ల ముందు నిలబడేవాళ్లు. వేలిముద్ర వేసేవాళ్లకు కూడా ఆ లెక్క తెలుసు.

కరోనాలో ఆ లెక్క జనం చేతిలోంచి జారిపోయింది. 2020 మార్చి 23న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, మార్చి 15 నుంచి దేశమంతటా గడువులు ఆగినట్టేనని చెప్పింది. ఇంట్లో చిక్కుకున్నవాడి హక్కు పోకూడదన్న ఆ ఆర్డరుకు దండం పెట్టాను. జైల్లో ఉన్నవాడి సంగతీ మరువలేదు. ఈ పొడిగింపు చూపించి చార్జిషీటు ఆలస్యం చేయడం కుదరదు, గడువు దాటితే బెయిలు హక్కు వాడిదేనని అదే జూన్‌లో తేల్చింది. న్యాయం!

ఆ తర్వాతే గందరగోళం. 2021 మార్చిలో పొడిగింపు ముగిసిందన్నారు. రెండో అల లేవగానే ఏప్రిల్ 27న మళ్లీ ఇచ్చారు. సెప్టెంబరులో అక్టోబరు 2తో సరి అన్నారు. చివరికి 2022 జనవరి 10న, ఫిబ్రవరి 28 దాకా ఉన్న రోజులన్నీ లెక్కలోంచి తీసేయమన్నారు. ఈ మధ్యలో గడువు తీరినవాళ్లకు మార్చి 1 నుంచి 90 రోజులు, అంతకన్నా ఎక్కువ మిగిలి ఉంటే ఆ ఎక్కువే. వకీళ్లే క్యాలెండరు ముందేసుకుని తలలు పట్టుకున్నారు. ఇక పాలమూరు నుంచి పుణె వలసపోయినవాడికి ఎవరు చెప్పాలె?

మునుపు భూమి జప్తయితే ఆ చెలక దగ్గరే డప్పు కొట్టి చెప్పి, కాగితం అక్కడ అంటించేవాళ్లు. ఊరంతా వినేది. 2020 జూలైలో నోటీసులు వాట్సాప్‌లో కూడా పంపొచ్చన్నారు. నాకు తెలిసిన ఇండ్లల్లో ఫోను కొడుకు జేబులో ఉంటుంది, కొడుకు హైదరాబాదులో ఉంటాడు. పట్టా తండ్రిది.

పేషీలూ అంతే. బంట్రోతు మూడుసార్లు పేరు పిలిస్తే వేపచెట్టు కింద కూర్చున్నవాడు కండువా సర్దుకుంటూ ఉరికేవాడు. జడ్జీ ఏమన్నారో తన చెవులతో వినేవాడు. వీడియో పేషీలో వకీలు గదిలో ఉన్న తెరే కోర్టు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప వీడియోలో సాక్ష్యం తీసుకోవద్దని సుప్రీంకోర్టు చెప్పింది, అది సరైనదే. కానీ ఇంట్లో ఉన్న రైతుకు అందిందల్లా "వాయిదా పడ్డది" అన్న ఒక్క మాట. ఎందుకు పడ్డదో, మళ్లీ ఎప్పుడో చెప్పిన దిక్కు లేదు.

2022 వానాకాలంలో పాత కక్షిదారు ఒకాయన భూమి తగాదా అప్పీలు కాగితాలతో వచ్చాడు. "కరోనా గడువు ఇంకా ఉంది గద సారూ?" అన్నాడు. లేదు. ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషను, దానికి మళ్లీ ఖర్చు. అప్పటికే పత్తి విత్తనాలకు అప్పు చేసి ఉన్నాడు.

గడువు పెంచే అధికారం ఉన్నవాళ్లకు ఆ సంగతి చెప్పించే బాధ్యత కూడా ఉండాలె. ప్రతి ఊరికీ పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు, ప్రతి జిల్లాకూ న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆర్డరు వచ్చిన వారం లోపల దాన్ని ఒక పేజీ తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలె, సంతరోజు డప్పు కొట్టించాలె.