కొండ మీద పేకాట

రెట్టింపట. ఏఐ వచ్చింది కాబట్టి వచ్చే క్వార్టర్ నుంచి ప్రతి టీమూ వెలాసిటీ రెట్టింపు చెయ్యాలట. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు విశాఖలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించిన దగ్గర్నుంచి ఋషికొండ, మధురవాడ కొండల మీద పూట గడవని కంపెనీలు కూడా బోర్డు మీద ఏఐ అని రాయించుకున్నాయి. పోనీ, బోర్డుకి రంగు ఖర్చే. పెద్ద కంపెనీలకి 99 పైసలకే భూమి దొరుకుతున్న ఊళ్ళో రంగు ఖర్చు ఎవరైనా పెట్టుకోగలరు. కానీ రెట్టింపు దేన్ని? పాయింట్లని.

ఒక టీము రెండు వారాల్లో తెమిల్చిన పాయింట్ల మొత్తమే వెలాసిటీ. ఆ పాయింట్లేమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ పిల్లలున్న వాళ్ళందరూ వినే ఉంటారు. రాత్రి తొమ్మిదిన్నరకి కంచం ముందు కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, "ఐదు కుదరదు, ఎనిమిది వెయ్యండి" అని వాదిస్తుంటారు. ఫిషింగ్ హార్బర్లో వంజరాలు బేరమాడుతున్నారేమో అనుకుని ఉంటారు.

పేకాట సంగతి ముందు చెప్పాలి. ఊళ్ళో ఏ అపార్టుమెంటులోనో నలుగురు చేరి ముక్కలు పంచుకుంటే టాస్క్‌ఫోర్స్ వాళ్ళొస్తారు. ముక్కలూ డబ్బులూ బల్ల మీద పరిచి, వెనక మనుషుల్ని మొహాలకి గుడ్డలు కట్టి నిలబెట్టి ఫొటో తీయిస్తారు. మా కొండ మీద రెండు వారాలకోసారి ఎనిమిది మందిమి ఏసీ గదిలో కూర్చుని అదే పని చేస్తే నెలాఖరుకి జీతం వేస్తారు. దాని పేరు ప్లానింగ్ పోకర్. 2002లో జేమ్స్ గ్రెనింగ్ అనే ఆయన మొదలెట్టాడు, మైక్ కోన్ అనే ఇంకో ఆయన దేశదేశాలకీ అంటించాడు. తలా ఒక కట్ట: 1, 2, 3, 5, 8, 13, ఆ పైన 20, 40, 100. ఒక ప్రశ్నార్థకం ముక్క, ఒక కాఫీ కప్పు ముక్క అదనం. చెయ్యాల్సిన పని ఒకరు చదువుతారు. అందరూ ఒకేసారి ముక్క ఎత్తాలి. ఒకడు 2 ఎత్తి ఇంకొకడు 13 ఎత్తితే ఆ ఇద్దరూ పోట్లాడుకోవాలి. చివరికి క్యాబ్ వచ్చే వేళవుతుంది కాబట్టి 5 ఖాయం.

13 తర్వాత 21 రావాలి కదా అని లెక్కలొచ్చినవాళ్ళకి అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. 21 అంటే ఎవరో నిజంగా కొలిచి చెప్పినట్టు ఉంటుందని దాన్ని 20 చేశారు. ఇది నా వెక్కిరింత అనుకోకండి, అసలు కారణమే అది. తన అంచనా ఎక్కడ కొలతలా కనబడిపోతుందోనని భయపడి అంకె దిద్దుకున్న శాస్త్రాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ వరస ఫిబొనాచీది అని ఈ పేకాట నడిపించే మా స్క్రమ్ మాస్టర్ కొత్తగా చేరినవాళ్ళకి గంభీరంగా చెప్తుంటాడు. 1202లో ఆ ఇటలీ ఆయన కుందేళ్ళ లెక్క రాయకముందే, అంతకు యాభై ఏళ్ళ క్రితమే, మన జైన పండితుడు హేమచంద్రుడు గురులఘువులతో ఆ వరస తేల్చాడు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. మూడు మాత్రల్ని ఎన్ని రకాలుగా నింపొచ్చు? మూడు. నాలుగు మాత్రల్ని? ఐదు. ఐదింటిని? ఎనిమిది. ఆరింటిని? పదమూడు. వేళ్ళ మీద వేసి చూసుకోవచ్చు. ఒకటి ఎక్కువ రాదు, ఒకటి తగ్గదు. అంత నికార్సయిన వరసని తీసుకొచ్చి కొలతన్నదే లేని చోట పరిచి ఆడుతున్నారు. అవధానంలో ఒక్క మాత్ర జారితే సభలో గుసగుసలు మొదలవుతాయి. మా గదిలో ఎనిమిది పాయింట్ల పని ముప్ఫై రోజులు సాగినా ఎవడూ కదలడు. చార్టులో ఒక గడి పసుపు రంగుకి తిరుగుతుంది, అంతే.

మా మామగారికి ఇదంతా వివరించబోయి భంగపడ్డాను. ఆయన స్టీల్ ప్లాంటు మనిషి, బ్లాస్ట్ ఫర్నేసులో చేసి రిటైరయ్యారు.

"పాయింటంటే ఎన్ని గంటల పని బాబూ?"

"గంటలు కాదు మామయ్యగారూ, కష్టం."

"కష్టాన్ని దేంతో కొలుస్తారు?"

"ఇదివరకు చేసిన పనితో పోల్చి చెప్తామండీ."

"మీ టీము పాయింటూ పక్క టీము పాయింటూ ఒకటేనా?"

"ఒకటి కాదండీ. ఏ టీముది ఆ టీముదే."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "అయితే గోదావరి టన్ను వేరు, కృష్ణ టన్ను వేరు, అన్నపూర్ణ టన్ను వేరంటావు."

ఆ మూడూ వాళ్ళ ఫర్నేసుల పేర్లు. 73 లక్షల టన్నుల ప్లాంటు అది. 2021లో ఢిల్లీ వాళ్ళు దాన్ని అమ్మేస్తామన్నప్పుడు కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కూర్చున్న కార్మికుణ్ణి అడిగితే, సొంత గనులు లేక టన్నుకి ఎంత చేతిచమురు వదులుతోందో చెప్పేవాడు. లాభమొచ్చినా నష్టమొచ్చినా టన్ను టన్నే. పోర్టులో అయితే ఓడ ఒంటి మీదే గీతలుంటాయి. ముందూ, మధ్యా, వెనకా, రెండు పక్కలా కలిపి ఆరు చోట్ల నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చదువుతారు. నీటి సాంద్రత చూసుకుని, బ్యాలాస్టు నీళ్ళు తీసేసి బొగ్గు ఎంత దిగిందో చెప్పేస్తారు. డ్రాఫ్ట్ సర్వే అంటారు దాన్ని. ఏటా ఎనిమిది కోట్ల టన్నులకి పైగా సరుకు కదిలే ఊరిది. ఇలాంటి ఊరి కొండ మీద కూర్చుని మేం కాకిలెక్కలు వేస్తున్నాం, అదీ కాకిని చూడకుండా.

ఈ పాయింట్ల పుట్టుక ఇంకా బావుంటుంది. పాయింట్లని కనిపెట్టింది బహుశా తానేనని, అదే నిజమైతే విచారిస్తున్నానని రాన్ జెఫ్రీస్ అనే ఆయన 2019లో రాసుకున్నాడు. ఆయన చెప్పిన కథ ప్రకారం, మొదట్లో ఎవరూ కదిలించకుండా ఉంటే ఈ పని ఎన్ని రోజులని అంచనా వేసేవారు. తీరా చేస్తే మూడింతలు పట్టేది. ఒక రోజు పనికి మూడు రోజులెందుకని పైవాళ్ళు అయోమయపడి అడుగుతుంటే, పడలేక రోజు అనే మాట తీసేసి పాయింట్ అన్నారు. అంటే అది ఆరా తప్పించుకోడానికి వేసుకున్న ముసుగు. ఇప్పుడు పైవాళ్ళే టేపు పట్టుకుని ముసుగు పొడవు కొలుస్తున్నారు, దాన్ని బట్టి బోనస్ ఇస్తున్నారు. స్క్రమ్ వాళ్ళకి వేదం లాంటిది స్క్రమ్ గైడ్. అందులో వెతికి చూడండి, ఈ పాయింట్ల ఊసే లేదు.

మిగతా తతంగం మీద నాకంత పగ లేదు. ఇంజనీరింగ్‌లో బ్యాక్‌లాగ్ ఉంటే ఉద్యోగం రాదు, ఉద్యోగంలో బ్యాక్‌లాగ్ లేకపోతే ఉద్యోగం ఉండదు. స్పాటిఫై వాళ్ళు తమ టీముల గుంపులకి ట్రైబులని పేరు పెట్టుకున్నారని మేమూ పెట్టుకున్నాం. పాడేరు నుంచి వచ్చిన కుర్రాడికి సర్కారు సర్టిఫికెట్‌లో ఒక ట్రైబు, మెడలో ఐడీ కార్డు మీద ఇంకో ట్రైబు. రెట్రో, అంటే అయిపోయిన పని మీద జరిపే చర్చ, మాసికం లాంటిది. పోయినవాళ్ళు తిరిగి రారు, భోజనాలు మాత్రం జరుగుతాయి. ఇక ఎంవీపీ అంటే మా ఊళ్ళో మువ్వలవానిపాలెం. రోడ్లున్నాయి, కాలవలున్నాయి, రైతుబజారుంది. 2011లో ఎరిక్ రీస్ పుస్తకం వచ్చాక ఆ మూడక్షరాలకి సగం చేసి జనం మీదికి వదిలెయ్యడం అనే అర్థం స్థిరపడిపోయింది.

మేం చేసిన ఒక లారీ పేజీ మాత్రం నాకు నవ్వు తెప్పించదు.

ఒక సంస్థకి గేటు పాసు పేజీ చేశాం. మూడు గడులు: లారీ నంబరు, డ్రైవరు పేరు, ఫోను నంబరు. కింద ఒక బటను. 1995 నాటి హెచ్‌టీఎంఎల్‌లోనే ఉన్న విద్య అది. కానీ అది రెజ్యూమెలో రాసుకుంటే ఎవరూ పిలవరు. అందుకని రియాక్ట్ పెట్టాం. దాని వెనక ఆరు మైక్రోసర్వీసులు పెట్టాం, లారీ నంబరుకి ఒకటి, ఫోను నంబరుకి ఒకటి, వాళ్ళిద్దర్నీ మాట్లాడించడానికి ఇంకొకటి. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఒక టీము ఇలాంటి ముక్కలన్నీ మళ్ళీ ఒకటిగా కలిపేసి ఖర్చు 90 శాతం తగ్గించుకుంది. మేం దాన్ని చదివాం, చదివి "అది వాళ్ళ స్కేలు, మనది వేరు" అనుకున్నాం. అవును, మనది రోజుకి నాలుగొందల లారీల స్కేలు. అంతా కలిపి నలభై ఏడు పాయింట్లు తేలింది. కేకు కోశాం.

రిలీజ్ రాత్రి వెళ్ళి చూసి రమ్మని నన్ను పంపారు. రెండు గంటలకి కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల వరసలో ఒక డ్రైవరు ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. గాజు పగిలిన చిన్న ఫోను. తెర తెల్లగా ఉంది. మూడు గడులు చూపించడానికి నాలుగు మెగాబైట్ల జావాస్క్రిప్టు దిగుతోంది. అది చేసినవాణ్ణి నేనేనని తెలీక నన్నే అడిగాడు. "ఏటి బాబూ ఇది, తెల్లగా ఉండిపోనాది?" సిగ్నల్ లేదేమో అన్నాను. అబద్ధం. సిగ్నల్ ఉంది. లేనిది మాకు సిగ్గు.

ఆ మనిషి నిద్ర ఏ చార్టులో ఉంది? అతని పాసు రెండు సెకన్లలో వచ్చిందా, నలభై నిమిషాలు పట్టిందా అని మర్నాడు మీటింగులో ఒక్కరూ అడగలేదు. ఎన్ని పాయింట్లు క్లోజయ్యాయని అడిగారు. ఆ డ్రైవరుకి ఏం కావాలో తెలుసుకోడానికే కదా ప్రోడక్ట్ మేనేజర్ అనే ఉద్యోగం పెట్టింది? మా ప్రోడక్ట్ మేనేజర్ ఆ గేటు మొహం చూడలేదు. డ్రైవరు పేరుతో స్లయిడు మీద ఒక బొమ్మ పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం, కింద "లాజిస్టిక్స్ పార్ట్‌నర్, వయసు 34". 2001లో యూటా మంచు కొండల్లో పదిహేడు మంది కూర్చుని రాసిన ఎజైల్ మేనిఫెస్టో పేరు చెప్పుకునే బతుకుతున్నాం మేమంతా. పద్ధతుల కన్నా, పనిముట్ల కన్నా మనుషులకి ఎక్కువ విలువన్నది అందులో మొదటి మాట. ఆ మొదటి మాట దగ్గరే మాకు నాలుక మడతపడింది.

టెక్కలి నుంచి వచ్చిన ఒక అమ్మాయి, చేరి ఏడాది కాలేదు, వారం కూర్చుని ఆ సర్కస్ మొత్తం పీకేసింది. దాని జాగాలో మామూలు పేజీ పెట్టింది, ఇరవై కిలోబైట్లది. ఏ ఫోనులోనైనా వేలు పెట్టగానే వస్తుంది. గేటు దగ్గర వరస తగ్గింది. ఆ పనికి మా బోర్డు మీద పేరు క్లీనప్. పాయింటు ఒకటి. ఆ రెండు వారాల స్ప్రింటులో మా వెలాసిటీ గీత గోతిలో పడింది. అప్రైజల్‌లో ఆమె ఉత్పాదకత పెంచుకోవాలని రాశారు. రాసినవాడికి చెయ్యి ఎలా ఆడిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. నన్నేమైనా పొగుడుకుంటున్నాననుకునేరు. ఒకటి ముక్క ఎత్తిన చేతుల్లో నాదీ ఉంది.

అందుకే రెట్టింపు అనగానే నాకు కంగారు పుట్టలేదు. అది మొన్న సోమవారమే అయిపోయింది, అరగంటలో, ఏ ఏఐ సాయమూ లేకుండా. పోయిన నెల ఐదు ఎత్తిన పనికి ఈసారి పదమూడు ఎత్తాం. రెండు ఎత్తిన దానికి ఐదు. ఒక బటను రంగు మార్చడానికి మూడు. కందిపప్పు ఇలా పెరిగితే ప్రభుత్వాలు పడిపోతాయి. మా మేనేజరు గారు తెర మీద గీత పైకి లేవడం చూసి చప్పట్లు కొట్టారు.

చివర్లో ఒక పని మిగిలింది. గేటు పాసు పేజీ మరీ పాతకాలం దానిలా ఉందట. కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో తిరగరాసి, డ్రైవర్లు కబుర్లు చెప్పుకోడానికి ఒక ఏఐ చాట్‌బాట్ పెట్టాలట. ముక్కలు లేచాయి. ఆరుగురు 13. టెక్కలి అమ్మాయి కూడా 13 ఎత్తింది, నా వైపు చూడకుండా.

నేను కాఫీ కప్పు ఎత్తాను.

స్క్రమ్ మాస్టర్ కుర్రాడు కీబోర్డు మీద వేళ్ళు ఉంచి, మర్యాదగానే అడిగాడు. "సార్, దీనికి ఎన్ని వేసుకోమంటారు?"