బండి చూసిపెట్టే అన్న

నల్లగొండలో సెకండ్ హ్యాండ్ బండి కొననీకి ఎవరూ ఒక్కరే పోరు. పైసలున్నోడు ఒకడు, బండ్ల సంగతి తెలిసినోడు ఇంకొకడు. నా ముచ్చట ఈ రెండో ఆయన గురించి. ఈయన మెకానిక్ కాదు. మెకానిక్ అయితే చూసినందుకు పైసలడుగుతడు. అన్నకు చాయ్ చాలు, బేరం కుదిరితే బిర్యానీ. ఎప్పుడో సీడీ 100 నడిపిన రోజుల్లో కార్బ్యురేటర్ తానే విప్పి, తానే బిగించిండు. బిగించినంక ఒక స్క్రూ మిగిలిందంటరు. అయినా బండి నడిచింది. అప్పటి నుంచి వాడకట్టంతటికీ ఆయనే బండ్ల అన్న.

అమ్మేటాయన వాకిట్లకు రాంగనే అన్న బండి దిక్కు చూడడు. వానలెట్లున్నయి, పత్తి రేటెంత, సాగర్ ఎడమ కాలువకు నీళ్లిడిసిండ్రా అని అడుగుతడు. అమ్మేటాయన కూడా బండి పేరెత్తడు. పొద్దున్నే సర్ఫు నీళ్లతో కడిగి, సీటుకు కొబ్బరినూనె రుద్ది, అందరికీ కనబడేటట్టు నిలబెట్టింది తాను కానట్టే కూర్చుంటడు. చాయ్ గ్లాసు కింద పెట్టినంక అన్నకు మతికొస్తది: "అవుగాని, బండేదో ఉందంటిరి?"

లేచినోడు లేచినట్టు ఇంజన్ మీద చెయ్యి వేస్తడు, ఆసరాకు వేసినట్టు. వెచ్చగుంటే, మనం రాకముందే నాలుగు కిక్కులు కొట్టి లేపి పెట్టిండ్రని అర్థం. సైలెన్సర్ నోట్లో వేలు పెట్టి తిప్పుతడు. నూనె జిడ్డు అంటితే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు. మీటర్ పద్దెనిమిది వేలు చూపిస్తుంటది, బ్రేక్ పెడల్ రబ్బరేమో అరిగి ఇనుము తేలి ఉంటది. మీటర్ తిప్పిండ్రని పెద్దమనుషులెవరూ మొఖం మీద అనరు. "సారు బ్రేకు మీద కాలు ఎక్కువ పెట్టినట్టున్నరు" అంటడు అన్న. అమ్మేటాయనకు అర్థమైతది. "మా సారు బడికి పోయొచ్చుడే, వేరే తిరుగుడు లేదు" అంటడు.

ఇదొక వింత. మా జిల్లాలో అమ్మకానికొచ్చే బండ్లన్నీ టీచర్లవే. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి. దేవరకొండ రోడ్డు మీద ముగ్గురిని ఎక్కించుకొని, ఒళ్లో గొర్రెపిల్లను పెట్టుకొని ఉరికే బండ్లు ఎవరివో గాని, అవి ఒక్కటీ అమ్మకానికి రావు.

ట్యాంకు మీద 'హీరో హోండా' అని కనబడితే అన్న మెత్తబడతడు. 2010 చివర్ల రెండు కంపెనీలు విడిపోయినకాడి నుంచి ఆ చప్పుడే పోయిందని ఆయన బాధ. మెత్తబడ్డది బయటపడొద్దని వెంటనే నంబర్ ప్లేటు అందుకుంటడు. "ఏపీ 24. అంటే తెలంగాణ రాకముందుదే. టీఎస్ 05 పోయి టీజీ 05 కూడా వచ్చె. పదిహేనేండ్లు నిండితే మళ్ల రిజిస్ట్రేషన్ చేయించాలె, అది గూడ ఐదేండ్లకే." ప్రేమ ప్రేమే, లెక్క లెక్కే.

ఇగ ధర. కొనేటోడు వంకలు పెట్టొద్దు. రేపు ఏ పెండ్లి బంతిలనో అమ్మినాయన పక్కనే కూసోవాల్సి రావొచ్చు. అందుకే అన్న. నలభై రెండు వేలంటే అన్న ఇరవై ఎనిమిది అంటడు. కొనేటోడు సిగ్గుపడి, "ఊకో అన్నా, పెద్దమనిషి ముంగట గట్లంటవా" అని కసురుకోవాలె. కసురుకోకపోతే అన్నకు కోపమొస్తది, ఆయన పని సగంల ఆగినట్టైతది. ముప్పై నాలుగుకు తెగుతది, వెయ్యి బయానా చేతులు మారుతది. మొరటుతనమంతా ఆయన ఖాతాల పడి, మిగతా ఇద్దరూ మర్యాదస్తులుగా మిగులుతరు. ట్యాంకుల పెట్రోలు మాత్రం బంకు దాకా సరిపోయేటంతే ఉంటది. అదెవరూ అడగరు.

అన్నకు చేతగానిది కాగితాల పని. చట్టం ప్రకారం అమ్మినోడు 14 రోజుల్లో, కొన్నోడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలె. అన్న 29, 30 ఫారాల మీద ఖాళీగనే సంతకాలు పెట్టించి, "పేరుదేముంది, నిమ్మలంగ మార్చుకోవచ్చు" అంటడు. ఆర్సీ మీద పేరున్నోడే యజమాని అని, యాక్సిడెంట్ అయితే బాధ్యతా ఆయనదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది గాని, ఆ తీర్పు అన్న దాకా రాలేదు. చలాన్లు మాత్రం పాత ఓనర్ ఫోనుకు వస్తనే ఉంటయి. ఆయన ఫోన్ చేసి ముందు బాగోగులడుగుతడు, తర్వాత బండి మంచిగ నడుస్తుందా అంటడు, చివరికి, "మొన్న క్లాక్ టవర్ కాడ హెల్మెట్ పెట్టుకోలే, తలకాయ పైలం తమ్మీ" అంటడు. తమ్ముడేమో, 2023 డిసెంబర్ల చలాన్ల మీద సర్కారు ఇచ్చిన 80 శాతం రాయితీ మళ్ల ఎప్పుడొస్తదా అని చూస్తుంటడు.

మొన్న అన్న తన బండే అమ్మకానికి పెట్టిండు. కొననీకొచ్చిన పిలగాడు చాయ్ తాగి, "నాకు బండ్ల సంగతి తెల్వదన్నా, నువ్వే చూసిపెట్టు" అన్నడు. అన్న లేచి ఇంజన్ మీద చెయ్యి వేసిండు, సైలెన్సర్ల వేలు తిప్పిండు, వేలు దిక్కు చూసి తలకాయ ఊపిండు.

"బోరు పని ఉన్నది తమ్మీ. ఐదు వేలు తగ్గించుమను."

ఎవరిని అడగాలో తెల్వక పిలగాడు అటూ ఇటూ చూస్తుంటే, లోపలి నుంచి వదిన గొంతు వినబడ్డది: "పైస తగ్గది!"