బూట్‌ఎగ్జిక్యూట్ సూత్రానికి ఎల్బీ నగర్ టీక

మూలము

ఆటోచెక్ ఆటోచ్క్ *

అవతారిక

సూత్రంలో ఉన్నవి మూడే మాటలు. అందులో మూడోది మాట కూడా కాదు, చుక్క. విండోస్ రిజిస్ట్రీ అనే మహాగ్రంథంలో లోకల్ మెషీన్ కాండ, సిస్టమ్ పర్వం, కరెంట్ కంట్రోల్ సెట్ ఉపపర్వం, కంట్రోల్ ఆశ్వాసం, సెషన్ మేనేజర్ ఘట్టం దాకా దిగితే బూట్‌ఎగ్జిక్యూట్ అనే పేరు కింద ఇది దొరుకుతుంది. కర్తలు రెడ్మండ్ పురవాసులైన మైక్రోసాఫ్ట్ వారు. 1993లో మొదలైన ఎన్‌టీ వంశానికే ఈ సూత్రం చెల్లుతుంది. విండోస్ 95, 98లది వేరే గోత్రం, వాటికి ఆటోఎగ్జెక్.బ్యాట్ అనే పాత స్మృతి ప్రమాణం. ఆ స్మృతిలో ఎవరైనా ఏ వరుసైనా చేర్చుకోవచ్చు. ఆ రోజుల్లో పీజీడీసీఏ చదివినవాళ్లలో, మిషన్ ఆన్ కాగానే తమ పేరు తెరమీద పడాలని అందులో ఒక ఎకో వరుస రాసుకోని నిగర్వులు తక్కువ.

సందర్భము. కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా కోచింగ్ సెంటర్, హాస్టల్ ఉన్న సందు మొదట్లో ఒక జిరాక్స్ సెంటర్ ఉండక తప్పదు. అందులో బ్యాటరీ ఎన్నడో చచ్చిన యూపీఎస్ ఒకటి ఉండకా తప్పదు. హాల్‌టికెట్ల రోజే కరెంటు పోతుంది. వచ్చాక మిషన్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రాదు. ఎక్స్‌పీ నాటి నీలితెర మీద తెల్లక్షరాలు వస్తాయి. డిస్కు సరిచూడాలట, వద్దనుకుంటే పది సెకన్లలో ఏదైనా కీ నొక్కమంటుంది.

“అన్నా, ఎంతసేపు పడ్తది?” అంటాడు వరుసలో ముందున్న కుర్రాడు.

“ఏం నొక్కకు తమ్మీ,” అంటాడు అన్న.

ఆ నీలితెర ఈ సూత్రం ఫలితమే.

ప్రతిపదార్థము

ఆటోచెక్ = ‘ఇది డిస్కు తనిఖీ సుమా’ అని తెలుపు సంజ్ఞ; ఆటోచ్క్ = సిస్టమ్32 ఫోల్డరునందు వసించు ఆ పేరుగల ప్రోగ్రామును; * = డిస్కులన్నింటి మీదను.

కర్తా లేదు, క్రియా లేదు. ‘సెషన్ మేనేజర్’ అని కర్తను, ‘నడుపుగాక’ అని క్రియను అధ్యాహారం చేసుకోవాలి.

టీక

రెండో పదంలో అచ్చు ఏమైందని నవీనుల శంక. ఫైలు పేరు 8 అక్షరాలు దాటరాదన్నది డాస్ కాలపు ఛందస్సు. గణభంగం కాకుండా ఒక అచ్చూ ఒక హల్లూ లోపించాయని పెద్దలు సర్దుకుంటారు. నోరు తిరగకపోతే తప్పు పాఠకుడిది కాదు.

చుక్కకు ‘అన్ని డిస్కులనూ ఆసాంతం గాలించు’ అని అర్థం చెప్పినవారున్నారు. అది పొరపాటు. ప్రతి డ్రైవు మీదా ‘డర్టీ’ అనే గుర్తు ఉందేమో చూడమనే దాని భావం. రాతపని మధ్యలో కరెంటు పోతే ఆ గుర్తు మిగిలిపోతుంది. అది ఉంటేనే అసలు తనిఖీ, లేకుంటే చప్పుడు చేయకుండా తప్పుకుంటుంది. అందుకే ఈ సూత్రం ప్రతి బూటింగులోనూ నడుస్తున్నా మనకు కనిపించేది కరెంటు పోయి వచ్చాకే. కొన్ని ప్రతులలో ‘ఆటోచెక్ ఆటోచ్క్ /కె:సి *’ అని పాఠాంతరం. సి డ్రైవును వదిలేయమని ఎవరో సీహెచ్‌కే‌ఎన్‌టీఎఫ్‌ఎస్ ఆజ్ఞ ఇచ్చిన గుర్తు అది. ప్రక్షిప్తమే అయినా సాధువే.

ఇక కాలనిర్ణయం. ఇదే ఈ సూత్రానికి ప్రాణం. కెర్నెల్ లేచింది, బూటింగుకు కావలసిన డ్రైవర్లు ఎక్కాయి. అప్పుడు సెషన్ మేనేజర్, అనగా ఎస్‌ఎంఎస్‌ఎస్, యూజర్ మోడ్‌లో తొలి ప్రాణిగా కళ్లు తెరుస్తుంది. తెరవగానే చేసే తొలి పనుల్లో ఒకటి బూట్‌ఎగ్జిక్యూట్ కింద ఉన్న వరుసలు నడపడం. అప్పటికి పేజ్‌ఫైల్ తెరుచుకోలేదు. విన్32 ఉపవ్యవస్థ పుట్టలేదు. లాగిన్ తెర మాట దేవుడెరుగు. ఇంకెవరూ ఏ ఫైలునూ పట్టుకుని కూర్చోని ఈ క్షణం కోసమే సిస్‌ఇంటర్నల్స్ వారి పేజ్‌డీఫ్రాగ్ ఇక్కడికి వచ్చేది. విండోస్ నడుస్తుండగా పేజ్‌ఫైలును కదపడం కుదరదు కాబట్టి దాన్ని ఇక్కడే సర్దిపెట్టి పోయేది. ‘రీస్టార్ట్ చేస్తేనే మార్పులు అమలవుతాయి’ అని ఇన్‌స్టాలర్లు బతిమాలేదీ ఇందుకే. వాడుకలో ఉన్న ఫైళ్ల పేర్లు మార్చే పనిని అవి వాయిదా వేసి ఉంచితే, సెషన్ మేనేజర్ ఈ తెల్లవారుజామునే చేసిపెడుతుంది.

పూర్వపక్షము

చైతన్యపురి హాస్టల్ నుంచి ఒక శిష్యుడు: “సార్, బూట్‌ఎగ్జిక్యూట్‌లో ఎన్ని వరుసలైనా పెట్టొచ్చు కదా. నా పైథాన్ స్క్రిప్టు రెండో వరుసలో పెడతా. అందరికన్నా ముందు నడుస్తది.”

సిద్ధాంతము

వరుస పెట్టవచ్చు, స్క్రిప్టు మాత్రం నడవదు. ఎల్బీ నగర్ మెట్రో సంగతి చూడు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట దాకా రైలు మొదలైంది. ఇది ఆ లైనుకు చివరి స్టేషన్, పొద్దున్నే బయల్దేరేవారికి మొదటిది. అక్కడ తొలి రైలు నడిపే డ్రైవరు డ్యూటీకి మెట్రోలో రాలేడు. సొంత బండి మీదో ఆటోలోనో రావాలి. బూట్‌ఎగ్జిక్యూట్ వేళకు చేరేవాడి గతీ అదే. పైథాన్‌కు విన్32 కావాలి, విన్32 ఇంకా రాలేదు. బ్యాచ్ ఫైలుకు సీఎండీ కావాలి, సీఎండీకీ విన్32యే కావాలి. ఇక్కడ నడిచేవి ‘నేటివ్’ ప్రోగ్రాములు మాత్రమే. వాటికి తోడు ఎన్‌టీడీఎల్‌ఎల్ ఒక్కటే. కిటికీలు లేవు, మౌస్ లేదు, మెసేజ్ బాక్స్ లేదు. ఏదైనా చెప్పాలంటే తెరమీద ఉత్త అక్షరాలు వేయించడానికి ఎన్‌టీడిస్‌ప్లేస్ట్రింగ్ అనే పిలుపు ఒకటుంది. ఆటోచ్క్ ఇంత బీదగా కనిపించడానికి కారణం అదే. అది చేత్తో తెచ్చుకున్నది తప్ప అక్కడ మరేదీ లేదు.

కనుక శిష్యుడా, ముందు నీ స్క్రిప్టు చేసే పనేమిటో చెప్పు. హాజరు ఎక్సెల్ షీటును డ్రైవ్‌లోకి పంపడమా? దానికి నెట్ కావాలి, నెట్ వచ్చేసరికి ఎలాగూ పొద్దెక్కుతుంది. టాస్క్ షెడ్యూలర్‌లో ‘స్టార్టప్ వేళ’ అని పెట్టుకో. లాగిన్ కాకపోయినా నడిచేలా చేసుకోవచ్చు. స్టార్టప్ ఫోల్డరులో పెట్టి ‘బూటింగులో నడుస్తోంది’ అని స్నేహితులతో చెప్పకు. అది నువ్వు పాస్‌వర్డ్ కొట్టాక నడిచేది. ‘అందరికన్నా ముందు’ అని అడిగేవారిలో నూటికి తొంభైమందికి ఆ అవసరం లేదన్నది ఈ టీకాకారుడి నిశ్చితాభిప్రాయం.

శాఖాభేదము

లినక్స్ శాఖీయులకు ఇదే అర్థాన్ని బోధించే సూత్రాలు రెండు చోట్ల ఉన్నాయి. అసలు రూట్ డిస్కు మౌంట్ కాకముందే పని కావాలంటే ఇనిట్‌రామ్ఎఫ్ఎస్. డెబియన్ సంప్రదాయంలో ఈటీసీ కింద ఇనిట్‌రామ్ఎఫ్ఎస్-టూల్స్, అందులో స్క్రిప్ట్స్, అందులో ఇనిట్-ప్రీమౌంట్ వంటి అరలు. ఫెడోరా సంప్రదాయంలో డ్రాకట్. రహస్యలిపిలో దాచిన డిస్కును తెరిచే పని ఇక్కడిదే. దూరాన ఉన్న సర్వర్ అయితే డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్ఎస్‌హెచ్ సర్వరును ఇందులో పెట్టి, పాస్‌వర్డు అవతలి నుంచి అందిస్తారు. ఇక్కడా నియమం ఒకటే: మూటలో కట్టింది మాత్రమే ఉంటుంది. స్క్రిప్టు పిలిచే ప్రతి ప్రోగ్రామునూ హుక్ రాసి లోపలికి చేర్చాలి, చేర్చాక అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ నడపాలి. ఇది మరిచినవాడు పాత మూటతోనే బూట్ అయ్యి, తన స్క్రిప్టు ఎక్కడికి పోయిందని గంటసేపు వెతుకుతాడు.

అంత ముందు అక్కర్లేదనుకుంటే సిస్టమ్‌డీ. సర్వీసు ఫైలులో ‘బిఫోర్=సిస్ఇనిట్.టార్గెట్’ అని రాసి ఊరుకుంటే చాలదు, ‘డిఫాల్ట్‌డిపెండెన్సీస్=నో’ అని కూడా రాయాలి. రాయకపోతే, సిస్ఇనిట్ అయ్యాకే నడవాలన్న షరతు మామూలు సర్వీసులకు చెప్పకుండానే తగులుకుంటుంది. ముందు నడవాలి, తరవాతే నడవాలి అన్న ఆజ్ఞలు రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుంటాయి. అప్పుడు సిస్టమ్‌డీ ఆ చక్రంలోంచి ఒక పనిని తీసి పారేసి ముందుకు సాగుతుంది. తీసేసింది మీ పనే అయితే లాగ్ చదివేదాకా తెలియదు.

దోషప్రకరణము

తొలి వేళలో తప్పు జరిగితే ఏమవుతుందో 2024 జులై 19న మన శంషాబాద్ విమానాశ్రయమే చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ వారి రక్షణ డ్రైవరు బూటింగు మొదట్లోనే, ఈ సూత్రం కన్నా ముందే ఎక్కే రకం. దానికి వచ్చిన ఒక ఫైలు చదవబోయి అది కూలింది, దాంతో విండోస్ కూలింది. మళ్లీ బూట్ చేస్తే మళ్లీ అదే మొదట ఎక్కింది, మళ్లీ కూలింది. మైక్రోసాఫ్ట్ అంచనాలో 85 లక్షల మిషన్లు పడ్డాయి. ఆ రోజు హైదరాబాద్‌లో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. మందు చాలా చిన్నది: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి సి-00000291తో మొదలయ్యే ఫైలును తుడిచేయడం. కానీ బూటే కాని మిషనుకు నెట్ నుంచి మందు అందదు. చాలా చోట్ల మనిషి వెళ్లి ఒక్కొక్క మిషను ముందు కూర్చోవలసి వచ్చింది.

తాత్పర్యము

ఓ సెషన్ మేనేజరూ! విండోస్ లేవకముందే ఆటోచ్క్‌ను పిలిచి, డర్టీ గుర్తున్న డిస్కులను సరిచేయించుము అని భావము.

విజ్ఞప్తి

ఈ సూత్రం కింద రెండో వరుస చేర్చాలని ఆశపడేవారిలో దొంగ ప్రోగ్రాములూ ఉంటాయి. అందరికన్నా ముందు లేచే చోటు వాటికీ ఇష్టమే. ఆటోరన్స్ అనే ఉచిత సాధనంలో బూట్‌ఎగ్జిక్యూట్ అని విడిగా ఒక ట్యాబ్ ఉన్నది ఇందుకే. జిరాక్స్ సెంటర్లు నడిపే అన్నలు ఒకసారి తెరిచి చూడండి. ఆటోచ్క్ కాకుండా మరో పేరు కనబడితే తొందరపడి తుడిచేయకండి. ముందు ఆ ఫైలు మీద ఏ కంపెనీ సంతకం ఉందో చూడండి. ఆ పని కాగానే యూపీఎస్ బ్యాటరీ మార్పించండి.