అరుగెక్కిన ఫ్రిజ్జు

మా వీధి అరుగు మీద రెండు తలుపుల ఫ్రిజ్జొకటి నిలబడి ఉంది. దారినపోయేవాళ్లు ముందు దాన్ని చూసి, తర్వాత పక్కన పడక్కుర్చీలో ఉన్న నన్ను పలకరిస్తున్నారు. మా అబ్బాయి హైదరాబాదు వదిలేసి భార్యాబిడ్డతో ఊరొచ్చేస్తూ లారీలో తెచ్చిన సరంజామాలో అదొకటి. మా తాతగారి నాటి టేకు ద్వారబంధంలో అది పట్టలేదు. "ద్వారబంధం తీయించేద్దామా నాన్నగారూ" అన్నాడు. ముందు నన్ను తీసుకెళ్లనీ, తర్వాత తీయించుకుందువుగాని అన్నాను. అందుకని అది అరుగెక్కింది.

ఆ మాటకొస్తే నేనూ హైదరాబాదు నుంచి సంసారాన్ని ఇక్కడికి మోసుకొచ్చినవాణ్ణే. 1976 ఎండాకాలం. నాన్నగారు పోయారు, కొబ్బరితోట చూసే దిక్కు లేదు, గుమాస్తా ఉద్యోగానికి దణ్ణం పెట్టేశాను. నాలుగు చెక్కపెట్టెలు, ఓ హోల్డాలు, ఇత్తడి బిందెలో కుక్కిన గిన్నెలు, మా ఆవిడ కుట్టుమిషను, ఇద్దరాడపిల్లలు. కాపురమంటే అంతే. రైళ్లు మారి నరసాపురంలో దిగాం. ఎమర్జెన్సీ పుణ్యమా అని రైలు వేళకే చేరిందిగాని, వశిష్ఠ గోదావరి ఎవరి ఎమర్జెన్సీకీ లొంగే రకం కాదు. పాటు తీసి ఉంది, పోటొస్తేగాని కదలదన్నాడు నావవాడు. రేవులో మూడు గంటలు. మిషను ఇసకలో దిగబడిపోతోందని మా ఆవిడ దాన్ని పెట్టె మీదకెక్కించి, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది. అవతల సఖినేటిపల్లిలో ఎడ్లబండివాడు సామానుకేసి చూసి, "ఇంతేనాండీ?" అన్నాడు. ఇప్పుడు లారీవాళ్లు మా సందు చూసి అన్నదీ ఆ మాటే. "ఇంతేనా సందు?" అని.

కాలువలు కట్టేసిన రోజులవి. మంచినీళ్లకి చెరువే గతి. అది అడుగుపట్టి, బిందె ముంచితే టీ రంగు నీళ్లొచ్చేవి. మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. మా అమ్మ మాట్లాడకుండా ఇండుపగింజ తెచ్చి, కుండ లోపలి అంచుకి గరగరా అరగదీసి, ఆ గంధాన్ని నీళ్లలో కలిపేసింది. సాయంత్రానికి మట్టంతా అడుక్కి దిగి, పైన తేటనీళ్లు. నాలుగు రోజుల్లో మా ఆవిడకి ఎంత అరగదీయాలో చేతికొచ్చేసింది. ఇప్పుడో? ఇరవై లీటర్ల టిన్ను ఆటోలో దిగుతుంది. తాతా ఇది ఏ బ్రాండు అంటుంది మనవరాలు. నాకేం తెలుసు తల్లీ, ఆటో రంగు మాత్రం తెలుసు.

ప్రశాంతత కోసం వచ్చారట. మావాడు రాత్రంతా మేడ మీద గదిలో అమెరికావాళ్లతో మాట్లాడి, మూడింటికి పడుకుంటాడు. ధనుర్మాసంలో నాలుగున్నరకే రామాలయం మైకు మోగుతుందాయె. "కాస్త తగ్గించమని చెప్పండి నాన్నగారూ" అన్నాడు. ఎలా చెప్పను? దానికి చందా ఇచ్చినవాళ్లలో మొదటి పేరు నాదే. పిల్లకి పల్లెటూరి గాలి తగలాలన్నాడు. అదేమో పొద్దున్నే పచ్చ బస్సెక్కి టౌను స్కూలుకి పోయి, దీపాలవేళకి వస్తుంది. గాలేదో ఆ బస్సు కిటికీలోంచి తగలాల్సిందే.

ఊరికే సణగడం లేదండీ, నాకూ ఓ లెక్కుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా తోటలో సగం చెట్లు పడేసింది. వీడప్పుడే ఇంజనీరింగులో చేరాడు. కొత్త మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్లు, ఫీజు ఆరేడేళ్లు ఆగదు. ఎకరం అమ్మేశాను. ఈ ఊళ్లో ఏముందిరా, పో అని పంపింది నేనే. ఇప్పుడు వీడు కూరలు పండిస్తానని అదే చేలో పది సెంట్లు బేరమాడొచ్చాడు. వాళ్లు చెప్పిన ధర వింటే, ఆనాడు ఎకరానికి నాకొచ్చిన డబ్బు గట్టు ఖర్చుకి సరిపోదు.

మొన్న కోడలు, "మావయ్యగారూ, చిక్కటి పాలు ఎవరింట్లో పోస్తారండీ?" అనడిగింది. ఊళ్లో పాలకేం కరువమ్మా అని చెంబు పట్టుకుని బయల్దేరాను. ముప్పయ్యేళ్లు మాకు పాలు పోసినవాళ్లింట్లో పశువులశాల ఇప్పుడు మోటారుసైకిళ్ల షెడ్డు. రెండో ఇంట్లో గేదె ఉందిగాని, పాలు పిండటం తరవాయి కేంద్రానికి పోతాయట. మూడో ఇంటావిడ నన్ను ఎగాదిగా చూసి, "మేమే ప్యాకెట్టు కొంటున్నామండి, మీరింకా చెంబట్టుకు తిరుగుతున్నారా?" అంది. తిరిగొస్తూ కిరాణాకొట్టు దగ్గరాగాను. కొట్టువాడు చెంబుకేసి చూసి నవ్వాపుకుని, "నీలం ప్యాకెట్టా, ఆకుపచ్చదాండీ?" అన్నాడు.

రెండూ తీసుకొచ్చి ఫ్రిజ్జులో పెట్టాను.