ఎర్రజెండా దొరవారికి బహిరంగ లేఖ

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో లాంగ్‌జంప్ గుంత పక్కన కొలువుండే ఎర్రజెండా దొరవారి సముఖానికి,

2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు తమరి ఏలుబడిలోనే జరిగాయి. 1500 మీటర్లలో హర్మిలన్ బైన్స్ 2002 నాటి జాతీయ రికార్డును చెరిపేసింది అక్కడే కాబట్టి ఆ పోటీలంటే అందరికీ ఆ పరుగే గుర్తు. తమరి కొలువుకు మాత్రం అవి ఒక శకం చివరి రోజులు. అప్పటి అంతర్జాతీయ నిబంధన ప్రకారం బూటు మొన ఎగిరే బోర్డు అంచు గీతను దాటి గాల్లో వేలాడినా, అవతల నేలను తాకకపోతే జంప్ చెల్లేది. గీత అవతల పెట్టే మెత్తటి ప్లాస్టిసిన్ ముద్ద మీద ముద్ర పడిందా లేదా అన్నదే సాక్ష్యం. ఆ ఏడు నవంబరు 1 నుంచి ఆ వెసులుబాటు పోయింది. గీత మీద కంటికి కనపడని గోడ ఉన్నట్టే లెక్క; నేల విడిచేలోపు బూటు దాన్ని దాటితే ఫౌల్, తమరు పైకి లేవాల్సిందే.

రూలు బిగిసింది సరే, తమరిని పైకెత్తే చెయ్యి మాటేమిటి? మండల స్థాయి స్కూలు పోటీల్లో పేర్లు పిలవడం, టేపు పట్టడం, గీత చూడడం అన్నీ ఒక్క పీఈటీ సారు నెత్తినే పడితే ఆయన చూపు ఇసుక మీదే ఉంటుంది. సున్నం గీసిన మైదానంలో అయితే నేరం చేసిన కాలే సాక్ష్యాన్నీ తుడిచేసి పోతుంది. "పిల్లల ఆట, రెండు మూడు సెంటీమీటర్లకు ఇంత పట్టుదలా?" అని తమరి తరఫున ఎవరైనా అనవచ్చు. దూరాన్ని కొలిచేది కాలి నుంచి కాదు, గీత నుంచి. ఒక పిల్ల గీతకు 15 సెంటీమీటర్లు ఇవతలే కాలు పెట్టి 6.10 మీటర్లు దూకిందనుకుందాం; ఆమె ఖాతాలో పడేది 5.95. ఇంకో పిల్ల గీతను 3 సెంటీమీటర్లు దాటి 5.93 దూకింది, తమరు కునుకు తీస్తే ఆమెకు 5.96. నిజానికి 17 సెంటీమీటర్లు ఎక్కువ దూకిన పిల్ల ఓడిపోయింది. తమరు ఒకరి మీద చూపిన దయకు మూల్యం ఇంకొకరు కట్టారు, అదీ అడగకుండా.

అలాగైతే కాలు లేచిన చోటు నుంచే కొలిస్తే పోదా అనేవారున్నారు. 2024లో వరల్డ్ అథ్లెటిక్స్ వారే ఆ ఆలోచన చేశారు. 2023 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో మూడోవంతు జంప్‌లు ఫౌల్ అయ్యాయన్నది వారి వాదన. లాంగ్‌జంప్ దిగ్గజం కార్ల్ లూయిస్ దానిపై మండిపడ్డాడు. నా మొగ్గు ఆయన వైపే: పూర్తి వేగంతో వస్తూ 20 సెంటీమీటర్ల బోర్డు మీద కాలు పెట్టడం ఆ విద్యలో సగం. పైగా ప్రతి జంప్‌కూ కాలు ఎక్కడ లేచిందో పట్టే కెమెరాలు మన మండలాలకు ఎప్పుడొస్తాయి?

ఆటగాళ్ల నిజాయితీకే వదిలేద్దామా? డిస్క్ గోల్ఫ్‌లో అలాగే ఉంది. కాలు తప్పు చోట పెడితే తోటి ఆటగాడే చెప్పాలి, ఇంకొకరు అవునని బలపరచాలి. స్నేహితుల మధ్య ఆ మాట ఎంతమంది నోటి నుంచి వస్తుందో తమరికి నేను చెప్పాలా! పోనీ అంపైర్లనే నమ్ముదామంటే, క్రికెట్ వారిదీ మన పీఈటీ సారు అవస్థే. 2019 నవంబరులో బ్రిస్బేన్ టెస్టు రెండో రోజు రెండు సెషన్లలోనే 21 నోబాల్స్ అంపైర్ల కన్నుగప్పాయని టీవీవారు లెక్క తీశారు. వారు చేతకానివారేం కాదు. ఒకే క్షణంలో బౌలర్ కాలునూ, బ్యాటర్ ప్యాడునూ చూడడం మనిషి కంటికి అయ్యే పని కాదు. అందుకే అదే ఏడు డిసెంబరు 6న మన ఉప్పల్‌లో వెస్టిండీస్‌తో మొదలైన సిరీస్‌లో ముందు కాలి నోబాల్ బాధ్యతను మూడో అంపైర్‌కు ప్రయోగంగా అప్పగించారు.

మనకు మూడో అంపైర్ అక్కర్లేదు. వరంగల్, హనుమకొండ జిల్లాల్లో ఎక్కడ పోటీ పెట్టినా, బోర్డుకు తిన్నగా పక్కన ఒక కుర్చీ, అందులో గీత తప్ప మరేదీ చూడని ఒక మనిషి, ఆ చేతిలో తమరు ఉంటే చాలు. కుర్చీ ఖర్చు ఏ పద్దులో రాయాలో తమరే సెలవియ్యండి.

ఇట్లు,
తమరి విధేయుడు, ఒక వరంగల్ ప్రేక్షకుడు