ఎవరో ఒకాయన

థాయిలాండ్‌కి టికెట్లు కొన్నారా? కొంటే కొన్నారు గానీ ఆ మాట లిఫ్టులో అనకండి. అన్నారో, సాయంత్రం కాఫీ వేళకి బ్యాంకాక్ బాబాయి మీ సోఫాలో ఉంటాడు.

ఈ బాబాయి లేని అపార్ట్‌మెంటు ఉండదు. రిటైరైన ఏడాది, నాలుగు రాత్రులు అయిదు పగళ్ళ ప్యాకేజీలో వెళ్ళొచ్చి ఉంటాడు. ప్రయాణం అయిదు రోజుల్లో ముగిసింది గానీ ప్రసంగం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. "మనకంటే గంటన్నర ముందురా వాళ్ళు," అని మొదలెడతాడు. ఆ లెక్క ఆయన మనవడికి రెండో ఎక్కం కంటే ముందే వచ్చేసింది. తర్వాత ఫోన్లో ఫొటో: సువర్ణభూమి విమానాశ్రయంలో క్షీరసాగర మథనం. దేవతలు, రాక్షసులు, వాసుకి, వాళ్ళందరికీ అడ్డంగా డ్యూటీ ఫ్రీ సంచితో బాబాయి.

ఆయన మాటల్లో ఏది నమ్మాలో తెలుసుకోవడానికి నా దగ్గరొక కొండగుర్తుంది. "నేను చూశాను" అన్నది వదిలేయండి. "ఎవరో ఒకాయన" అంటే మాత్రం కాగితం తీసి రాసుకోండి.

ఉదాహరణకి, "బ్యాంకాక్‌లో తిరగడానికి చిల్లిగవ్వ అవసరం లేదు, హోటల్ ముందే బస్సు ఉంటుంది," అంటాడు. ఉంటుంది, ప్యాకేజీ వాళ్ళకి. "నెత్తిమీద ఏదో రైలు పోతుంటుంది, మనకెందుకు," అంటాడు. ఆ నెత్తిమీది రైలు 1999 నుంచి నడుస్తోంది. బ్యాంకాక్ ట్రాఫిక్‌ను తప్పించుకోవాలంటే అదే దిక్కు. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకీ రైలుంది, ఫయా థాయ్ దాకా అరగంట కూడా పట్టదు. వానల సంగతీ అంతే. మే నుంచి అక్టోబరు దాకా దేశమంతా నీళ్ళేనని తీర్పు చెప్పేస్తాడు. ఫుకెట్ వైపు సరే, అటు కో సముయ్ వైపు పెద్ద వానలు అక్టోబరు వచ్చాకే వస్తాయి. ప్యాకేజీలో కో సముయ్ లేదు, కాబట్టి బాబాయి భూగోళంలోనూ లేదు.

ఇక ఒకాయన. "ఎవరో ఒకాయన గ్రాండ్ ప్యాలెస్‌కి వెళుతుంటే ఒకడు ఎదురొచ్చి, ఇవాళ మూసేశారండీ అన్నాట్ట. పాపం, బాగా చదువుకున్నవాడిలా ఉన్నాట్ట కూడా. ఇరవై బాత్‌లకే టుక్‌టుక్ మాట్లాడి పెట్టాట్ట. అది ఒక గుడికి, అక్కణ్ణుంచి తిన్నగా రాళ్ళ దుకాణానికి! ఇండియాలో రెట్టింపుకి అమ్ముకోవచ్చని నీలం అంటగట్టారు. ప్యాలెస్ చక్కగా తెరిచే ఉందిరా! గేటు దాకా వెళ్ళి కళ్ళారా చూసుకోవాలి గానీ దారినపోయేవాడి మాట వినొచ్చా?"

పిన్ని వంటింట్లోంచే అందుకుంటుంది. "ఆ ఒకాయన నీలం నా బీరువాలోనే ఉంది. కావాలంటే చూపిస్తాను."

బాబాయి వినడు. "ఇంకో ఆయన నిక్కరుతో వెళ్ళాడు. భుజాలూ మోకాళ్ళూ కప్పుకోకపోతే లోపలికి రానివ్వరు. బయట పైజమా కొనుక్కోవాల్సొచ్చింది." ఏనుగు బొమ్మల ఆ పైజమాలోనే బాబాయి రోజూ వాకింగ్‌కి వస్తాడు.

పట్టాయా అధ్యాయం పిన్ని వింటుంటే రెండు వాక్యాలే. ఎవరో ఒకాయన జెట్‌స్కీ అద్దెకి తీసుకుని పాస్‌పోర్టు తాకట్టు పెడితే, తిరిగిచ్చేటప్పుడు పాత గీతలన్నిటికీ ఆయన చేతే డబ్బు కట్టించుకున్నారు. బాబాయికి సొంత ఫోన్ నంబరు అడిగితే తడబడతాడు గానీ, టూరిస్టు పోలీసు 1155 మాత్రం నిద్రలో లేపినా చెబుతాడు.

తిండి దగ్గర ఆయన్ని కొట్టిపారేయలేం. కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పోస్తారనీ, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలుంటే అది శాకాహారమనీ చెబుతాడు. అక్కడ ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు, కార్తీకమాసం వాళ్ళకి బెంగలేదు. కానీ ఆయన మనసు విరిగింది తిండి దగ్గర కాదు, గ్రాండ్ ప్యాలెస్‌లోని వాట్ ఫ్రా కేవ్ గుడి ప్రాకారం దగ్గర. గోడల నిండా రామాయణం చూసి చేతులు జోడించాడట. వాళ్ళ కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాడని, మత్స్యకన్యతో కొడుకు కూడా ఉన్నాడని గైడు చెప్పగానే బస్సెక్కి కూర్చున్నాడట. ఇప్పటికీ ఆ గైడుదే తప్పంటాడు.

ప్రతి ప్రయాణికుడికీ బాబాయి చివర్లో ఒక పెన్ను బహూకరిస్తాడు, విమానంలో ఇమిగ్రేషన్ ఫారం నింపడానికి. మొన్న మా పక్క ఫ్లాటు అమ్మాయి ఆ పెన్ను తీసుకోలేదు. "కాగితాలు పోయాయి తాతగారూ. 2025 మే 1 నుంచి అంతా ఆన్‌లైనే. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి, ఫ్రీ," అంది. బాబాయి పెన్ను జేబులో పెట్టుకుని, అన్నాళ్ళలో మొదటిసారి, కాఫీ తాగకుండా లేచాడు.

వారం రోజులు కనబడలేదు. నిన్న పార్కులో కొత్తగా అద్దెకొచ్చిన కుర్రాణ్ణి బెంచీ మీద కూచోబెట్టుకుని చెబుతున్నాడు.

"ఆ ఫారం గవర్నమెంటు సైట్లోనే నింపాలి బాబూ, దానికి పైసా కట్టక్కర్లేదు. నిన్న గాక మొన్న, ఎవరో ఒకాయన, అచ్చం అలాగే ఉండే ఇంకో సైట్లో రెండు టికెట్లకీ డబ్బు కట్టేశాట్ట."